‘గ్యాస్’ అనే ఒక్క మాట వెనక: ఆందోళననూ కడుపు బాధనూ విడదీసి దారిలో పెట్టుకునే పద్ధతి

మన ఇళ్లలో కడుపు బాధలన్నిటికీ ఒకటే పేరు. ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్, పొట్ట ఉబ్బితే గ్యాస్, తల తిరిగితే గ్యాస్, పరీక్ష రోజు పొద్దున్నే మూడుసార్లు బాత్రూంకి పరిగెత్తినా గ్యాసే. మందుల షాపుకెళ్లి ‘గ్యాస్ ట్యాబ్లెట్’ అంటే ఒక స్ట్రిప్ చేతిలో పెడతారు. అది యాసిడ్‌ను తగ్గించే మాత్ర. పొట్టలోని గాలితో దానికి పనిలేదు, కంగారుతో అసలే లేదు. ఏళ్ల తరబడి పరగడుపునే మాత్ర మింగుతున్నా కడుపు కుదుటపడని వాళ్లు ఇంతమంది ఉండటానికి ఇదొక కారణం.

కాబట్టి ముందు ఆ ఒక్క మాటను ముక్కలు చేయాలి. ఏది యాసిడ్, ఏది మింగిన గాలి, ఏది పేగుల కదలిక, ఏది భయం అన్నది తేలితే ఏ ముక్కకు ఏం చేయాలో తెలుస్తుంది. కింద చెప్పిన పనులకు సుమారు ఎనిమిది వారాలు పడతాయి. వరస మార్చకండి. చాలామంది నేరుగా పథ్యంతో మొదలుపెట్టి అక్కడే చిక్కుకుపోతారు.

లోపల జరిగేది

భయం కలగగానే మెదడు సీఆర్‌హెచ్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో జీర్ణాశయం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం జోరందుకుంటుంది. ఇంటర్వ్యూ రోజు ఇడ్లీ గొంతు దిగకపోవడం, దిగిన ముక్క కడుపులో రాయిలా కూర్చోవడం, అదే సమయంలో కింద అర్జెంటు కావడం ఇందుకే. పైనా కిందా వేర్వేరు రోగాల్లా కనిపిస్తాయి గానీ ఆదేశం ఒక్కటే. ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 1822లో తుపాకీ గాయమై పొట్టకు రంధ్రం మిగిలిపోయిన ఒక కెనడా యువకుడి జీర్ణాశయంలోకి ఏళ్లపాటు తొంగిచూసిన అమెరికా సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్, కోపం వచ్చినప్పుడు లోపలి పొర తీరు మారుతుందని 1833లోనే రాశాడు.

ఇక రెండో దారి కింది నుంచి పైకి. మెదడునూ పొట్టనూ కలిపే వేగస్ నాడిలో దాదాపు 80 శాతం పోగులు పొట్ట నుంచి మెదడుకే కబురు మోస్తాయి. పేగు మెలిపెడితే మెదడు దాన్ని ప్రమాద సూచనగా తీసుకుని ఇంకాస్త కంగారు పుట్టిస్తుంది, ఆ కంగారు మళ్లీ పేగుల్ని కదిలిస్తుంది. ‘ముందు టెన్షనా, ముందు కడుపా’ అని తేల్చుకోవాలని చూడకండి. కొందరికి పైన మొదలవుతుంది, కొందరికి విరేచనాల జబ్బు తగ్గాక కింద మొదలవుతుంది. గానుగ తిరగడం మొదలయ్యాక ఎటు నుంచి ఆపినా ఆగుతుంది, రెండు వైపుల నుంచీ పట్టుకుంటే త్వరగా ఆగుతుంది.

మూడోది సున్నితత్వం. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు చివర చిన్న బెలూన్ పెట్టి గాలి ఊదిన పరీక్షల్లో, మిగతావాళ్లకు పట్టని కొద్దిపాటి సాగుడుకే చాలామందికి నొప్పి తెలిసింది. నొప్పి ఊహ కాదు. తీగ శ్రుతి మరీ బిగిసింది, అంతే. ‘రిపోర్టులన్నీ నార్మల్, అంతా నీ మనసులోనే ఉంది’ అనే మాట ఇందుకే తప్పు.

శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, కాబట్టి పెరుగు తింటే ఆనందం వస్తుంది అనే ప్రచారం ఒకటి ఫోన్లలో తిరుగుతుంటుంది. మొదటి సగం నిజమే. కానీ ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి వెళ్లదు. పేగుల కదలికకే పనికొస్తుంది. పెరుగన్నం తినండి, కానీ దాన్ని మందు అనుకోకండి.

మొదటి పని: ఇది కంగారు కాదని చెప్పే గుర్తులు

ఛాతీ మధ్యలో బరువు, పైపొట్టలో నొక్కినట్టు నొప్పి, దానితోపాటు చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకడం: వీటిలో ఏది ఉన్నా సోడా తాగి చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోవాలి. గుండెపోటును ‘గ్యాస్ పట్టేసింది’ అనుకుని గంటలు పోగొట్టుకోవడం మనదగ్గర మామూలైపోయింది. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. ఈసీజీ మామూలుగా వస్తే పోయేదేమీ లేదు.

ఇవి ఉంటే వారం లోపు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి: ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, మింగడం కష్టం కావడం, ఆగని వాంతులు, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు లేదా నొప్పి, 45–50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, దగ్గరి బంధువుల్లో పేగు క్యాన్సర్. మలం తారులా నల్లగా, జిగటగా ఉంటే మాత్రం ఆ రోజే వెళ్లాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా మలం నల్లబడుతుంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. నిద్రలోంచి లేపడం ముఖ్యమైన గుర్తు. కంగారు వల్ల వచ్చే విరేచనం సాధారణంగా మనిషి నిద్రపోతే తానూ నిద్రపోతుంది.

రెండో పని: కొన్ని పరీక్షలు, ఒక జాబితా

రక్తహీనతకు సీబీసీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్. విరేచనాలు ఎక్కువైతే మల పరీక్ష, పేగు వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్, గోధుమ పడనితనం తేల్చే టీటీజీ. చాలామందికి ఇంతకుమించి అక్కర్లేదు. థైరాయిడ్‌ను వదలొద్దు. అది ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, ఆదుర్దా, పలుచటి మోషన్లు అన్నీ కలిసే వస్తాయి. బయటికి అచ్చం ఆందోళనలాగే ఉంటుంది.

పైపొట్ట మంట వారాలపాటు ఉంటే హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష అడగండి. అల్సర్ టెన్షన్ వల్లే వస్తుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు. చాలా అల్సర్లకు ఈ బ్యాక్టీరియానో, నొప్పి మాత్రలో కారణమని తేలి ఎన్నో ఏళ్లైంది. దాన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ కూడా వచ్చింది. ఈ పరీక్షకు రెండు వారాల ముందు నుంచి పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు ఆపాలి, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ వాడి ఉండకూడదు. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని వస్తుంది. మాత్ర ఆపే ముందు డాక్టర్‌ను అడగండి.

తర్వాత మీరు వేసుకునే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాయండి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మోషన్లు పలచన చేయవచ్చు, ఐరన్ మలబద్ధకం తేవచ్చు, మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ కడుపులో మంట తేవచ్చు. సగం ‘గ్యాస్’ ఈ కాగితం మీదే దొరికిన ఇళ్లున్నాయి.

పరీక్షలు బాగున్నాయి, మూడు నెలలుగా సగటున వారంలో కనీసం ఒకరోజు కడుపు నొప్పి ఉంది, అది మోషన్‌తో ముడిపడి ఉంది, ఎన్నిసార్లు వెళ్తున్నారు, ఎలా వస్తోంది అన్నవి కూడా మారాయి, ఇదంతా మొదలై ఆరు నెలలు దాటింది అంటే డాక్టర్లు ఐబీఎస్ అంటారు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్నాక గంటల తరబడి బరువు ప్రధానమైతే ఫంక్షనల్ డిస్పెప్సియా. పేరు ఏదైనా ఇక్కణ్నుంచి దారి ఒక్కటే.

మూడో పని: రెండు వారాల నోట్‌బుక్

ఈ రెండు వారాలూ ఏమీ మార్చకండి. తినేది తినండి, రాయండి. ఒక పేజీ ఇలా ఉంటుంది:

*సోమవారం. 6:40 చాయ్, పరగడుపున. 7:15 మోషన్, పలచన. 8:30 రెండు పూరీలు, పది నిమిషాల్లో. 9:10 ఆఫీసు కాల్ ముందు కంగారు 7/10. 9:20 కడుపులో మెలి 6/10, మళ్లీ మోషన్. 1:30 అన్నం, పప్పు, వేపుడు. 3:00 ఉబ్బరం 4/10. కంగారు 2/10. రాత్రి 10:15 భోజనం, 10:50 పడక. 12:30 ఛాతీలో మంట. నిద్ర 5 గంటలు.*

కంగారు, నొప్పి రెండిటికీ పదికి మార్కులు వేయడం ముఖ్యం. టైము ఇంకా ముఖ్యం. ఈ ఒక్క పేజీలోనే మూడు వేర్వేరు ‘గ్యాస్’లు కనిపిస్తున్నాయి చూడండి. 9:20 మెలి భయానిది. 3:00 ఉబ్బరం తిండిదో, గాలిదో. రాత్రి మంట ఆలస్యంగా తిని వెంటనే పడుకున్నందుకు. ముగ్గురు దొంగలకు ఒకే మాత్ర ఎలా పనిచేస్తుంది?

రెండు వారాల తర్వాత ఇంకేమీ రాయకండి, రోజుకు ఒక్క అంకె, ఆ రోజు బాధకు పదికి వేసే మార్కు తప్ప. రోజంతా పొట్టను గమనిస్తూ కూర్చుంటే సున్నితత్వం ఇంకా పెరుగుతుంది.

నాలుగో పని: పొట్టతో ఊపిరి

ఖర్చు లేనిది, చాలామంది తప్పుగా చేసేది ఇదే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డుకు కాస్త పైన. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి. కింది చెయ్యి లేవాలి, పై చెయ్యి కదలకూడదు. పెదాలు కొద్దిగా మూసి, వేడి చాయ్ మీద ఊదినంత మెల్లగా, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు. పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. వారం తర్వాత కుర్చీలో కూర్చుని, ఆ తర్వాత నిలబడి.

తల తేలిపోయినా, వేళ్ల చివర తిమ్మిరెక్కినా మీరు మరీ ఎక్కువ గాలి లాగుతున్నారని అర్థం. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అనే సలహా వల్ల వచ్చే ముప్పే ఇది. ఊపిరి చిన్నదే ఉండాలి, నెమ్మదిగా ఉండాలి. రెండో తప్పు, కంగారు వచ్చినప్పుడే మొదటిసారి ప్రయత్నించడం. ఈత ఏట్లో పడ్డాక నేర్చుకోరు. మనసు నిమ్మళంగా ఉన్న రోజుల్లో రెండు వారాలు సాధన చేశాకే ఆపదలో అక్కరకొస్తుంది.

తేన్పుల బాధ ఉన్నవాళ్లకు ఇదే ప్రధాన మందు. కంగారులో గాలిని గొంతులోకి లాగి వెంటనే బయటికి వదలడం కొందరికి తెలియకుండానే అలవాటవుతుంది. నిద్రలో, మాటల్లో పడ్డప్పుడు ఆగిపోతే అది ఇదే. బలవంతంగా తేన్పు తెప్పించుకుంటే క్షణం సుఖం, ఆ వెంటే ఇంకొంత గాలి లోపలికి. సోడా పొడి ప్యాకెట్ నీళ్లలో వేసి తాగి ‘అబ్బ, గ్యాస్ పోయింది’ అంటాం కదా, ఆ వచ్చిన గాలిలో చాలావరకు పొడి తయారు చేసిందే. దాన్లో సోడియం కూడా ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు రోజూ వాడకూడదు. తేన్పు వస్తోంది అనిపించగానే నోరు కొద్దిగా తెరిచి ఉంచి ఐదు నిమిషాలు పొట్టతో ఊపిరి తీసుకోండి. నోరు తెరిచి ఉంటే గాలి మింగడం కష్టం.

సాయంత్రానికి పొట్ట బయటికి తన్నుకొచ్చే ఉబ్బరం కూడా చాలాసార్లు అదనపు గాలి వల్ల కాదు. ఊపిరి కండరం కిందికి నొక్కి, పొట్ట ముందు గోడ వదులై, ఉన్న సరుకే ముందుకు వస్తుంది. దీనికీ ఈ సాధన పనికొస్తుంది.

ఐదో పని: ఎలా తింటున్నారు

ఏం తింటున్నారు అన్నదానికి ముందు ఇది. భోజనానికి ఇరవై నిమిషాలు. కూర్చోగానే ఐదు ఊపిర్లు, తర్వాత మొదటి ముద్ద. ఫోన్ పక్కన. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు. ఒకే పూట కడుపు నిండా బదులు అదే తిండి నాలుగు పూటలుగా.

చాయ్, కాఫీ పరగడుపున మానండి. ఒక్కసారిగా మానితే తలనొప్పి, చిరాకు వస్తాయి, వాటినీ టెన్షన్ ఖాతాలో వేసుకుంటారు. మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించి రెండు దగ్గర ఆపండి, మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు.

మలబద్ధకమైనా, పలచనైనా ఇసబ్‌గోల్ పనిచేస్తుంది. మొదటి వారం అర చెంచా, తర్వాత ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి గట్టిపడేలోపు తాగాలి, వెంట ఇంకో గ్లాసు నీళ్లు. నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు వాడొద్దు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కొన్ని గంటల తేడా పెట్టండి. గోధుమ తవుడు మాత్రం చాలామందికి ఉబ్బరం పెంచుతుంది. వెస్టర్న్ కమోడ్ మీద ముక్కాల్సి వచ్చేవాళ్లు కాళ్ల కింద జానెడు పీట వేసుకుంటే పేగు చివరి మలుపు తిన్నగా అవుతుంది.

ఆరో పని: పథ్యం, గడువు పెట్టుకుని

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ పద్ధతికి ఐబీఎస్‌లో మంచి ఆధారాలున్నాయి. చిన్నపేగులో సరిగా అరగని కొన్ని చక్కెరలు పెద్దపేగులో పులిసి, నీరూ గాలీ పెంచుతాయి. తగ్గించి చూడాలి. దాన్ని మన వంటింటికి తెచ్చుకుంటే ముఖ్య అనుమానితులు ఐదు: ఉల్లి, వెల్లుల్లి ఒకటి, పాలు రెండు, గోధుమ (చపాతీ, పూరీ, బొంబాయిరవ్వ) మూడు, శనగలు, రాజ్మా, ఎక్కువ పప్పు నాలుగు, మామిడి, పుచ్చకాయ, సీతాఫలం ఐదు. అన్నం, గుడ్డు, చేప, చికెన్, క్యారెట్, టమాటా, దోసకాయ, వంకాయ మామూలుగా ఇబ్బంది పెట్టవు.

అన్నీ ఒక్కసారి మానకండి. నోట్‌బుక్‌లో ఎక్కువ అనుమానం ఉన్న ఒక గుంపును మూడు వారాలు ఆపండి. తేడా లేకపోతే అది నిర్దోషి, తిరిగి తెచ్చుకోండి. తేడా ఉంటే వరసగా మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచుతూ తిని ఎంతవరకు పడుతుందో చూడండి. పాలైతే పావు గ్లాసు, అర గ్లాసు, గ్లాసు. గ్లాసు పాలు పడని చాలామందికి చాయ్‌లో పాలు, పెరుగు పడతాయి.

వెల్లుల్లి వాసన లేకుండా ముద్ద దిగదంటారా, దారి ఉంది. వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్లు అనే చక్కెరలు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెబ్బల్ని నూనెలో వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెట్టండి. రెబ్బలు పులుసులో పడితే మాత్రం లాభం లేదు. మిగతా రుచికి ఇంగువ ఉండనే ఉంది.

ఇక కారం. మిర్చిలోని క్యాప్సైసిన్ పేగులోని నొప్పి నరాలనే తాకుతుంది. శ్రుతి బిగిసిన పేగుకు ఆవకాయ మోతాదు ఎక్కువే. నెల రోజులు సగం చేయండి.

పథ్యంలో తప్పేదెక్కడంటే, ‘ఇది పడదు’ అనే జాబితా ప్రతి వారం పెరగడం. చివరికి పెరుగన్నం, ఇడ్లీ మిగులుతాయి, పెళ్లిళ్లకు వెళ్లడం ఆగిపోతుంది. అప్పుడు పనిచేస్తున్నది పేగు కాదు, భయం. ఇప్పటికే బరువు తక్కువ ఉన్నవాళ్లు, తిండి అంటేనే భయపడేవాళ్లు ఈ మెట్టు వదిలేసి ఏడుకు వెళ్లండి.

ఏడో పని: బాత్రూం భయం

బస్సులో అర్జెంటైతే? ఈ ఒక్క ప్రశ్న చాలామందిని ఇంట్లో కట్టేస్తుంది. బయల్దేరే ముందు రెండు మూడుసార్లు వెళ్లడం, ప్రయాణమంటే తిండి మానడం, జేబులో విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర లేనిదే గడప దాటకపోవడం, ఇవన్నీ ఆ పూట కాపాడి భయాన్ని పెంచే ఉపాయాలు.

మెట్లు కట్టుకోండి. టిఫిన్ తిని రెండు స్టాపుల దూరం సిటీ బస్సు. తర్వాత అరగంట. తర్వాత బయల్దేరే ముందు ఒక్కసారే బాత్రూంకి వెళ్లి అరగంట. తర్వాత మాత్ర లేకుండా. చివరికి నాలుగు గంటల ఆర్టీసీ ప్రయాణం. ఒక్కో మెట్టు భయం 7 నుంచి 3కు దిగేదాకా, మామూలుగా నాలుగైదుసార్లు. పేగు బిగింపు అలలాంటిది, లేచి కొద్ది నిమిషాల్లో దిగుతుంది. అల ఎత్తులో ఉన్నప్పుడు దిగి ఇంటికి పరిగెత్తితే ‘పరిగెత్తాను కాబట్టి బతికాను’ అని మెదడు నేర్చుకుంటుంది. కూర్చుని పొట్టతో ఊపిరి తీసుకుంటూ దిగేదాకా ఆగితే, దిగుతుందని నేర్చుకుంటుంది.

పరీక్షో, వీసా ఇంటర్వ్యూవో పదింటికి ఉంటే: ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు ఇంటి అన్నం, కొత్త వంటకాలు వద్దు. ఆరున్నరకు లేవండి. గోరువెచ్చని నీళ్లు. ఏడింటికి రెండు మూడు ఇడ్లీలు. తిండి పడగానే పెద్దపేగు కదలడం సహజం, ఆ కదలికను ఇంట్లోనే వాడుకోవడానికే ఈ టైము. ఖాళీ కడుపుతో వెళ్తే సేఫ్ అనుకోకండి, వికారం పెరుగుతుంది. చివరి ఇరవై నిమిషాలు పుస్తకం మూసి ఊపిరి మీద ఉండండి.

డాక్టర్ దగ్గర

‘గ్యాస్’ అనకండి. నోట్‌బుక్ చూపించి ‘ఎక్కడ, ఎప్పుడు, ఎంత’ చెప్పండి. ‘దీనితోపాటు కంగారు కూడా ఉంది’ అని మీరే నోరు తెరిచి చెప్పండి. ఓపీలో ఎవరూ అడగకపోవచ్చు.

పాంటోప్రజోల్ లాంటివి నెలల తరబడి వాడుతుంటే అవసరమా అని అడగండి. ఎక్కువ కాలం వాడితే బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు. హఠాత్తుగా మానితే కొద్ది వారాలు యాసిడ్ ఎగదన్నుతుంది. ఆ మంట చూసి ‘మానితే రోగం తిరగబెట్టింది’ అని మళ్లీ మొదలుపెట్టేస్తారు. డాక్టర్ చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

ఐబీఎస్‌కు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్ రాస్తే ‘పిచ్చి మాత్ర ఇచ్చారు’ అని కంగారు పడొద్దు. డిప్రెషన్‌కు వాడే మోతాదుకన్నా ఇది చాలా తక్కువ, పేగు నరాల శ్రుతి సడలించడానికి. బ్రిటన్‌లో జరిగి 2023లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో 10 నుంచి 30 మిల్లీగ్రాములతో ఐబీఎస్ రోగులకు మేలు కనిపించింది. ఆందోళనకు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందు మొదలుపెడితే మొదటి ఒకటి రెండు వారాలు వికారం, పలచటి మోషన్లు రావచ్చు, మేలు తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. చాలామంది సరిగ్గా రెండో వారంలో మానేస్తారు. కంగారుకు ఇచ్చే అల్ప్రజోలం వెంటనే హాయినిస్తుంది, అంతే త్వరగా అలవాటవుతుంది. షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదది. సీబీటీ అనే మాటల చికిత్సకు ఐబీఎస్‌లో గట్టి ఆధారాలున్నాయి. ఎవర్ని కలవాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఎనిమిదో వారం చివర మళ్లీ మూడు రోజులు పూర్తి పేజీలు రాసి మొదటి వారంతో పక్కపక్కన పెట్టండి. నొప్పి సున్నా అయిందా అని చూడకండి. నొప్పి వచ్చిన రోజులు సగమయ్యాయా, వచ్చినప్పుడు పది నిమిషాల్లో తగ్గిందా, కిందటి నెల మానుకున్న పెళ్లికి ఈ నెల వెళ్లారా అని చూడండి. తర్వాత ఎప్పుడైనా, బదిలీయో, పిల్లల పరీక్షలో, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యమో వచ్చి కడుపు మళ్లీ కదిలితే, మొదటి పనిలోని గుర్తులు లేవని చూసుకుని, నాలుగు, ఐదు పనులు రెండు వారాలు తిరిగి చేయండి. ఎండోస్కోపీ మళ్లీ చేయించుకోవాల్సిన పని చాలాసార్లు ఉండదు.